ఎదురుగాలి ఎక్కే సైకిలు

నెల్లూరు నుంచి మైపాడు దాకా దారిలో కొండ లేదు, గుట్ట లేదు. ఇందుకూరుపేట దాటాక రెండు పక్కలా వరి మడులు, ఆ తర్వాత రొయ్యల చెరువులు, చివర సముద్రం. కృష్ణపట్నం వైపు వెళ్లినా, అల్లూరు మీదుగా ఇసకపల్లి వైపు వెళ్లినా ఇదే నేల. పడమట వెలికొండలు ఉన్నాయి గాని, రోజూ పనికి వెళ్లొచ్చే తీరపు జనానికి వాటితో పని పడదు. అందుకే కరెంటు సైకిలు కొనాలనుకున్న వాళ్లు ఇక్కడ ఒక లెక్కకు వచ్చేస్తారు: కొండలున్న ఊళ్లకు గట్టి మోటారు కావాలి, మన బల్లపరుపు నేలకు ఏదైనా సరిపోతుంది. అంగడికి వెళ్లి ఒకే ప్రశ్న అడుగుతారు: ఒక్క చార్జికి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?

ఆ లెక్కలో గాలిని మరిచిపోతున్నారు. మన తీరంలో కొండ నేల మీద ఉండదు, గాలిలో ఉంటుంది. ఇది వర్ణన కోసం అంటున్నది కాదు, కొలిచి చూపించగలిగిన సంగతి.

70 కిలోల మనిషి, 24 కిలోల కరెంటు సైకిలు, ఆరు కిలోల సంచి అనుకుందాం. మొత్తం వంద కిలోలు. గాలి కదలని పొద్దున తారు రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే సైకిలును వెనక్కి పట్టేవి రెండే బలాలు. టైరు నేల మీద దొర్లేటప్పుడు కలిగే నిరోధం సుమారు 8 న్యూటన్లు. ఒళ్లు గాలిని చీల్చుకుంటూ పోయేటప్పుడు కలిగే నిరోధం సుమారు 11 న్యూటన్లు. రెండూ కలిపి 19. ఈ బలాన్ని ఆ వేగంతో దాటుకుంటూ పోవడానికి 105 వాట్లు చాలు. ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషి గంటసేపు నిలకడగా 75 నుంచి 100 వాట్లు తొక్కగలడు. అంటే గాలి లేనప్పుడు మోటారుకు దాదాపు పనే ఉండదు.

ఇప్పుడు అదే వేగంతో ఎదురుగాలిలోకి వెళ్దాం. గాలి గంటకు 20 కిలోమీటర్లు. ఒంటికి తగిలే గాలి వేగం 40 అవుతుంది. గాలి నిరోధం వేగంతో పాటు సమంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే నిరోధం నాలుగింతలు. 11 న్యూటన్లు కాస్తా 44 అవుతాయి. టైర్ల నిరోధం కలిపితే 52. కావలసిన శక్తి 105 వాట్ల నుంచి 290 వాట్లకు ఎగబాకుతుంది. రోడ్డు అదే, మనిషి అదే, వేగం అదే.

అదనంగా వచ్చిపడిన ఆ 33 న్యూటన్లను ఏటవాలుగా మార్చి చూస్తే, ప్రతి వంద మీటర్లకు మూడు మీటర్ల నలభై సెంటీమీటర్లు పైకెక్కే రోడ్డుతో సమానం. అలాంటి ఎదురుగాలిలో 20 కిలోమీటర్లు తొక్కితే ఆ గాలి మీద ఖర్చయ్యే శక్తితో 680 మీటర్ల ఎత్తు ఎక్కొచ్చు. తిరుపతి నుంచి తిరుమలకు ఉన్న ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. సాయంత్రం నెల్లూరు నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న తన ఊరికి సైకిలు తొక్కుకుంటూ వెళ్లే మనిషి, గాలి బలంగా ఉన్న రోజున, తిరుమల కొండ ఎక్కినంత పని చేస్తున్నాడు. ఆ కష్టం ఎవరికీ కనిపించదు, ఎందుకంటే రోడ్డు చదునుగా ఉంది.

వాతావరణ శాఖ చెప్పే గాలి వేగం పది మీటర్ల ఎత్తున కొలిచినది. నేలకు దగ్గరయ్యే కొద్దీ గాలి నెమ్మదిస్తుంది. సైకిలు మీద కూర్చున్న మనిషి ఎత్తులో, అడ్డం లేని మైదానంలో, అందులో మూడింట రెండొంతులు తగులుతుంది. ఫోనులో గంటకు 30 కిలోమీటర్లని చూపిస్తే చెరువు గట్ల మధ్య రోడ్డు మీద మనకు తగిలేది 20 అనుకోవచ్చు. టౌనులో ఇళ్లు, చెట్లు ఇంకా ఆపుతాయి. కాని రొయ్యల చెరువుల మధ్య చెట్టంటూ లేదు. పులికాట్ సరస్సు మీదుగా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే కట్ట రోడ్డు అయితే గాలికి పూర్తిగా అప్పగించిన దారి.

మరి ఈ గాలి ఎప్పుడు ఏ వైపు నుంచి వస్తుంది? సైకిలు ఎంపికకు ఇదే అసలు ప్రశ్న. అంగట్లో మాత్రం ఎవరూ అడగరు.

ఎండ పడ్డప్పుడు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ చోటు నింపడానికి సముద్రం మీది చల్లటి గాలి లోపలికి వస్తుంది. రాత్రి నేల ముందు చల్లారుతుంది కాబట్టి గాలి నేల నుంచి సముద్రానికి వీస్తుంది, అది బలహీనం. ఎండాకాలంలో తీరంలో తెల్లవారుజామున గాలి ఆడకపోవడం, మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో గాలి అందుకోవడం ఇందువల్లే. దీన్నిబట్టి చూస్తే, నెల్లూరులో ఇల్లుండి పొద్దున కృష్ణపట్నం, ముత్తుకూరు వైపు పనికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే వాళ్లు అదృష్టవంతులు. వెళ్లేటప్పుడు గాలి ఉండదు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. తీరంలో ఇల్లుండి నెల్లూరుకు పనికొచ్చే వాళ్లకు సరిగ్గా ఎదురు. ఒళ్లు అలిసిపోయి, బ్యాటరీ సగమయ్యాక, సాయంత్రం ఎదురుగాలి మొదలవుతుంది.

జూన్ వచ్చిందంటే ఆట మారుతుంది. నైరుతి రుతుపవనాల పడమటి గాలి కనుమలు దాటి వేడెక్కి దిగుతుంది. అది బలంగా ఉన్న రోజు సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే ఆపేస్తుంది, అలాంటి రోజుల్లోనే మన జిల్లా ఉడికిపోతుంది. పొద్దున తీరం నుంచి టౌనుకు వచ్చే వాళ్లకు అప్పుడు ఆ గాలి మొహాన కొడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం గాలి, వాన. ఇలా ఒకే దారికి నెలను బట్టి, పూటను బట్టి ఎక్కుడు, దిగుడు తారుమారవుతుంటాయి. కొండ దారిలో ఎక్కినవాడికి తిరుగు ప్రయాణంలో దిగుడు దొరకడం ఖాయం. గాలికి ఆ పూచీ లేదు.

ఒక్క చార్జికి ఎన్ని కిలోమీటర్లన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు వెతకొచ్చు. మనిషి తన వంతుగా 80 వాట్లు తొక్కుతాడనీ, బ్యాటరీలోంచి బయటికొచ్చిన కరెంటులో నాలుగింట మూడొంతులు చక్రానికి చేరుతుందనీ అనుకుంటే, గాలి లేని రోజు 20 కిలోమీటర్లకు బ్యాటరీ ఖర్చు 33 వాట్ అవర్లు. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో అదే దూరానికి 280. ఎనిమిది రెట్లు పైనే. బోర్డు మీద రాసిన కిలోమీటర్లు అబద్ధం కాకపోవచ్చు, అవి గాలిలేని చోట, బరువు తక్కువ మనిషితో, తక్కువ సాయంతో వచ్చిన కిలోమీటర్లు. మైపాడు రోడ్డు మీది కిలోమీటర్లు వేరు.

కాబట్టి కిలోమీటర్లు అడగడం మానేసి, వాట్ అవర్లు అడగాలి. బ్యాటరీ మీద రాసిన వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే అవి వచ్చేస్తాయి. 36 వోల్టులు, 7.5 ఆంపియర్ అవర్లు అంటే 270. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అంటే 360. పైన చెప్పిన తీరపు మనిషికి 270 బ్యాటరీతో ఇల్లు చేరడం కష్టం. 360 ఉంటే చేరతాడు, అదీ ఆఫీసులోనో దుకాణంలోనో పగటిపూట చార్జింగు పెట్టుకునే వీలుంటేనే నిశ్చింత. బ్యాటరీ ఏటేటా కొంత సామర్థ్యం పోగొట్టుకుంటుంది కనక, మూడో ఏడు ఎంత మిగులుతుందో చూసుకుని కొనాలి. నా అభిప్రాయంలో తీరంలో 20 కిలోమీటర్ల దారి ఉన్నవాళ్లు 400 వాట్ అవర్లకు తక్కువైనది తీసుకోకూడదు. టౌను లోపల దర్గామిట్ట నుంచి స్టోన్‌హౌస్‌పేట దాకా తిరిగే వాళ్లకు అందులో సగం చాలు. అంతకు మించి కొంటే ఆ బరువు ఊరికే మోయడమే.

గాలితో ఒక సౌకర్యం ఉంది. వేగం తగ్గిస్తే అది మెత్తబడుతుంది. పై లెక్కలోనే గంటకు 20 బదులు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తే బ్యాటరీ ఖర్చు 280 నుంచి 170కి దిగుతుంది. ఆలస్యం ఇరవై నిమిషాలు. గాలి నిరోధం తగ్గడం ఒక కారణం, ఎక్కువసేపు తొక్కడం వల్ల మన కాళ్ల వాటా పెరగడం రెండో కారణం. చార్జి తగ్గిపోతున్న రోజున ఇల్లు చేర్చేది ఈ చిన్న సంగతే. హ్యాండిలు కాస్త కిందికి దించి ముందుకు వంగినా, గాలికి ఎగిరే చొక్కాను లోపలికి దోపుకున్నా తేడా తెలుస్తుంది.

ఇక మోటారు. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, అరగంట పాటు నిలకడగా ఇచ్చే శక్తి 0.25 కిలోవాట్లకు లోపుండి, వేగం గంటకు 25 కిలోమీటర్లు చేరేసరికి సాయం ఆపేసే కరెంటు సైకిలును మోటారు వాహనంగా పరిగణించరు. లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. తొక్కడం ఆపితే మోటారు కూడా ఆగాలి, తగిన బ్రేకులుండాలి, ముందు తెల్లటి, వెనక ఎర్రటి రిఫ్లెక్టర్లు ఉండాలి. ఐరోపాలో కూడా హద్దులు ఇవే: 250 వాట్లు, 25 కిలోమీటర్లు. ఇక్కడ అరగంట అన్న మాట ముఖ్యం. కొద్ది సెకన్లపాటు చాలా మోటార్లు 400, 500 వాట్లు లాగగలవు. ఎక్కువసేపు అలా లాగితే చుట్టలు కాలతాయి.

ఎదురుగాలికీ ఏటవాలుకూ మోటారు దృష్టిలో పెద్ద తేడా ఉంది. ఎదురుగాలిలో మోటారు ఇవ్వాల్సింది 210 వాట్లు. కాని చక్రం మామూలు వేగంతోనే తిరుగుతోంది కనక చక్రాన్ని మెలితిప్పే బలం, అంటే టార్కు, 12, 13 న్యూటన్ మీటర్లు చాలు. అది చిన్న అంకె. కష్టమల్లా గంటసేపు ఆపకుండా ఇవ్వడంలో ఉంది. విశాఖపట్నంలో పరిస్థితి తిరగబడుతుంది. హనుమంతవాక దగ్గరి మిట్టలు, సింహాచలం, కైలాసగిరి దారులు తీసుకోండి. వందకు ఎనిమిది మీటర్లు లేచే రోడ్డు మీద 110 కిలోల బరువును లాగాలంటే 95 న్యూటన్లు తోయాలి. చక్రం దగ్గర 30 న్యూటన్ మీటర్లు దాటుతుంది. పైగా వేగం గంటకు ఎనిమిదికి పడిపోతుంది. చక్రం ఇరుసులోనే ఉండే హబ్ మోటారు చక్రంతో పాటే నెమ్మదిస్తుంది. అలా నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగేటప్పుడు దానికిచ్చిన కరెంటులో సగం దాకా వేడిగా పోతుంది. పెడళ్ల దగ్గర అమర్చిన మోటారైతే చెయిను ద్వారా, గేర్ల ద్వారా లాగుతుంది. చిన్న గేరు వేసుకుంటే చక్రం నెమ్మదిగా తిరిగినా మోటారు తన సుఖమైన వేగంలో తిరుగుతూ ఉంటుంది. విశాఖలో ఉండే వాళ్లు ఆ రెండో రకానికి ఎక్కువ ధర పెట్టడంలో అర్థముంది.

నెల్లూరు తీరంలో పెట్టనక్కర్లేదు. మనకు గాలి ఉంది, గాలికి హబ్ మోటారు సరిపోతుంది. ధర తక్కువ, చెయిను మీద భారం పడదు, ఇసుక తిన్న చెయిను త్వరగా అరిగే చోట అది చిన్న లాభం కాదు. హబ్ మోటార్లలో లోపల పళ్లచక్రాలున్న రకం తీసుకోవడం మంచిది. అది తేలిక, బ్యాటరీ అయిపోయాక తొక్కినా వెనక్కి పట్టదు. పళ్లచక్రాలు లేని పెద్ద హబ్బు బ్రేకు వేసినప్పుడు కాస్త కరెంటు వెనక్కి పంపగలదని గొప్పగా చెప్తారు. దిగుడే లేని నేలలో ఆ వెనక్కొచ్చే కరెంటు ఎంతని?

అయితే టార్కు అసలు అవసరం లేదని కాదు. నెల్లూరు టౌనులో విజయమహల్ గేటు, మాగుంట లేఅవుట్ లాంటి చోట్ల రైలు కట్ట కింద నుంచి పైకి లేచే చిన్న మిట్టలున్నాయి. అక్కడ ట్రాఫిక్ ఆగిందంటే ఏటవాలు మీద కాలు ఆనించి నిలబడి, క్యారేజి మీద 25 కిలోల రొయ్యల మేత బస్తాతో మళ్లీ కదలాలి. అందుకు 35, 40 న్యూటన్ మీటర్ల మోటారు ఉంటే చాలు. మోటారు వెనక చక్రానికే ఉండాలి. ముందు చక్రానికి ఉంటే చెరువు గట్ల ఇసుకలో, వాన పడ్డ మట్టిలో చక్రం నిలిచిన చోటే తిరిగి జారుతుంది. బరువు పడేది వెనక కాబట్టి పట్టు కూడా వెనకే దొరుకుతుంది. వదులు ఇసుక నిరోధం ఎదురుగాలి కంటే ఎక్కువ కావచ్చు, అక్కడ మోటారుతో పంతం పట్టకుండా దిగి నడిపించడమే మేలు. రెండంగుళాల వెడల్పు టైరు ఉంటే గట్టి ఇసుక మీద మాత్రం సుఖంగా పోతుంది.

వెనక హబ్ మోటారుకు ఒక చిక్కుంది, కొనే రోజున ఎవరికీ తోచదు. పంక్చరు. చెరువు గట్ల మీద చిల్లకంప ముళ్లకు కొదవ లేదు. మోటారున్న చక్రం ఊడదీయాలంటే తీగ కూడా విప్పాలి. మోటారు తీగకు చక్రం దగ్గరే విప్పుకునే కనెక్టరు ఉందా అని చూడండి. అది లేని సైకిలుకు తీగను మోటారును నడిపే కంట్రోలర్ దాకా విప్పాలి. పంక్చరు షాపతను చక్రం ఊడదీయకుండా ఒక పక్క నుంచి ట్యూబు లాగి అతుకు వేయగలడు, ట్యూబు మార్చాలంటే మాత్రం ఊడదీయక తప్పదు.

ట్రాఫిక్‌లోకి వద్దాం. సాయంత్రం ఆరింటికి వీఆర్సీ సెంటరు, ట్రంకు రోడ్డు, మద్రాసు బస్టాండు. ఆటోలు, ఆర్టీసీ బస్సులు, ఎదురు వచ్చే మోటారు సైకిళ్లు. ఇక్కడ కావలసింది వేగం కాదు, మోటారు మన కాలి మాట వినడం. చవక సైకిళ్లలో పెడలు తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. ఎంత గట్టిగా తొక్కుతున్నామో దానికి పట్టదు. పెడలు కదిపిన కాసేపటికి ఒక్కసారిగా తోస్తుంది, ఆపిన తర్వాత కూడా ఒక క్షణం తోస్తూనే ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద అది ఇబ్బంది కాదు. ముందున్న ఆటోకు మూడడుగుల దూరంలో ఉన్నప్పుడు ఆ క్షణం ప్రమాదం. కాలి ఒత్తిడిని కొలిచే టార్కు సెన్సర్ ఉన్న సైకిలు మెల్లగా తొక్కితే మెల్లగా, గట్టిగా తొక్కితే గట్టిగా సాయం చేస్తుంది. టౌను మధ్యలో రోజూ తిరిగే వాళ్లు డబ్బు ఎక్కువైనా ఇదే కొనాలని నా గట్టి నమ్మకం. అంత పెట్టలేని వాళ్లు కనీసం రెండు బ్రేకు పిడులకూ మోటారు ఆపే స్విచ్చి ఉందో లేదో చూసుకోవాలి. వెనక చక్రం పైకెత్తి, మోటారు తిప్పి, బ్రేకు పిడిని కొద్దిగా నొక్కండి. బ్రేకు పట్టకముందే మోటారు ఆగిపోవాలి.

గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు ఏడు మీటర్లు పోతాం. ఎదుట ఏదో అడ్డొచ్చిందని తెలిసి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేసరికి ఆ ఏడు మీటర్లూ అయిపోతాయి. ఆ తర్వాత మంచి బ్రేకులైతే ఐదు, నాసివైతే ఎనిమిది మీటర్లు. మొత్తం 12 నుంచి 15. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో ఇదంతా సుమారు తొమ్మిది మీటర్లలోనే ముగుస్తుంది. మామూలు సైకిలుకు ఎప్పటినుంచో ఉన్న రిమ్ము బ్రేకులు ఇంత బరువుకు, వానకు, ఇసుకకు చాలవు. ముందు చక్రానికైనా డిస్కు బ్రేకు ఉండి తీరాలి. వెనక నుంచి వచ్చే వాహనం కనిపించడానికి అద్దం, పగలు కూడా వెలిగే వెనక దీపం పెట్టించుకోండి. 16వ నంబరు జాతీయ రహదారి మీద మాత్రం వెళ్లొద్దు, సర్వీసు రోడ్డు దొరికిన చోటల్లా అందులోకి దిగండి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. రోజూ బతుకుతెరువు కోసం సైకిలు తొక్కే జనం ఇంతమంది ఉన్న మన తీరపు రోడ్లకు, కప్పు లేకపోయినా, లారీలు రాని రెండు మీటర్ల అంచు ఉండాలి. అది అడగాల్సిన సంగతి, గట్టిగా అడగాల్సిన సంగతి.

గాలి మోసుకొచ్చేది నిరోధం ఒక్కటే కాదు. కెరటం విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలోనే ఆరి ఉప్పు రేణువులుగా మారి లోపలికి కిలోమీటర్ల దూరం వస్తుంది. ఉప్పుకు ఒక గుణం ఉంది: గాలిలో తేమ 75 శాతం దాటితే అది తేమను పీల్చుకుని తానే నీరైపోతుంది. తీరంలో రాత్రిపూట తేమ ఆ హద్దు దాటడం మామూలే. అంటే ఒక్క చుక్క వాన పడకపోయినా, పగలు సైకిలు మీద పేరుకున్న ఉప్పు ప్రతి రాత్రీ ఉప్పునీరవుతుంది. ఇనుము తుప్పు పడుతుంది. అల్యూమినియం ఫ్రేములో ఇనుప బోల్టు ఉన్న చోట, రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరి చిన్నపాటి బ్యాటరీ తయారై అల్యూమినియాన్ని తినేస్తుంది. మామూలు సైకిలుకు ఇది అందం పోవడం వరకే. కరెంటు సైకిలుకు కనెక్టరు పిన్నులున్నాయి, వాటి మీద పచ్చటి పొర కట్టి కరెంటు సరిగా పారక వేడెక్కుతాయి. మోటారు లోపలి నియోడిమియం అయస్కాంతాలు కూడా ఉప్పు తేమకు త్వరగా పాడయ్యే రకం. చల్లగా ఉంటుందని హబ్బు మూతకు రంధ్రాలు వేయించే అలవాటు కొందరికి ఉంది. తీరంలో అది మోటారును చంపుకోవడమే.

ఉన్నంతలో చేయాల్సింది తేలిక. కనెక్టర్లలో కరెంటు పనులకు వాడే సిలికోన్ గ్రీజు పెట్టించడం, వారానికొకసారి మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడవడం, చెయినుకు నూనె. సర్వీసింగు సెంటరులో పిచికారీ గొట్టంతో కడిగించొద్దు, ఆ ఒత్తిడికి నీళ్లు సీళ్లు దాటి లోపలికి పోతాయి. సైకిలు మీద ఐపీ అని ఒక అంకె ఉంటుంది. ఐపీఎక్స్4 అంటే చిందే నీళ్లకు తట్టుకుంటుందని, ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరదని. బ్యాటరీకి 67 ఉంటే నిశ్చింత. సైకిలు మొత్తానికి 4 ఉన్నా వానలో పోవచ్చు గాని, నీళ్లు నిలిచిన అండర్ బ్రిడ్జిలోకి దింపడం కూడదు. హబ్బు మునిగితే తీగ దూరే కంత ద్వారా నీళ్లు లోపలికి చేరతాయి. 2021 నవంబరు వరదలో పెన్న పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినే కోసేసింది. అలాంటి వానల్లో సైకిలు ఇంట్లో ఉండడమే మేలు.

వేడి గురించి రెండు మాటలు. లిథియం బ్యాటరీ వయసు మీద వేడికి ఉన్నంత పట్టు మరి దేనికీ లేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి పాడు చేసే చర్యల వేగం దాదాపు రెండింతలవుతుంది. మే నెల ఎండలో నల్లటి బ్యాటరీ పెట్టెతో సైకిలును ఆరుబయట నిలబెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. బ్యాటరీ ఊడదీసి నీడకు తీసుకెళ్లే వీలుండాలి, తాళం గట్టిగా ఉండాలి. ఎండలో వచ్చిన వెంటనే చార్జింగు పెట్టకుండా చల్లారనివ్వాలి. ఐరన్ ఫాస్ఫేట్ రకం సెల్స్ బరువు కొంచెం ఎక్కువ, కాని వేడికి నిలకడగా ఉంటాయి, మన ఎండలకు అవే నయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాదులో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సైకిలు బ్యాటరీ చిన్నదే, అయినా అదే రసాయనం. నిద్రపోయే గదిలో, మంచం పక్కన, బయటికి పోయే దారికి అడ్డంగా పెట్టి చార్జి చేయొద్దు. వసారాలో, సిమెంటు గచ్చు మీద, మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి. చార్జరు దానితో వచ్చినదే వాడండి. కరెంటు ఖర్చు లెక్కే కాదు, 400 వాట్ అవర్ల బ్యాటరీ నిండడానికి అర యూనిటు చాలు.

పాత సైకిలుకు మోటారు కిట్టు వేయించుకోవడం గురించి చాలామంది అడుగుతారు. గట్టి ఇనుప ఫ్రేము ఉన్న పాత సైకిలైతే తప్పులేదు, డబ్బు బాగా కలిసొస్తుంది. కాని మోటారు చక్రాన్ని ముందుకు తిప్పేటప్పుడు అంతే బలంతో ఇరుసును వెనక్కి తిప్పుతుంది. ఫ్రేము చీలికలో బిగించిన నట్లు మాత్రమే దాన్ని ఆపుతుంటే, తుప్పు పట్టిన కొన్నాళ్లకు ఇరుసు గిర్రున తిరిగి తీగను తెంపేస్తుంది, చక్రం ఊడిపోతుంది. ఇరుసును ఫ్రేముకు పట్టి ఉంచే ఇనుప పట్టీని తప్పకుండా వేయించాలి. అల్యూమినియం ఫోర్కుకు హబ్ మోటారు బిగించనే కూడదు, అది వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. కిట్టు వేసినంత మాత్రాన పాత బ్రేకులు కొత్తవి కావు, వాటి ఖర్చు కూడా కలుపుకుని చూసుకోండి.

కొనేముందు తొక్కి చూడమంటే అంగడివాళ్లు పొద్దున పదింటికి దుకాణం ముందు వీధిలో ఒక చుట్టు తిప్పి ఇస్తారు. దానితో ఏమీ తెలియదు. మధ్యాహ్నం నాలుగు దాటాక, గాలి అందుకున్నాక, మీరు రోజూ మోసే బరువు క్యారేజి మీద కట్టుకుని, తూర్పు మొహంగా కనీసం నాలుగైదు కిలోమీటర్లు వెళ్లి చూస్తామని అడగండి. సాయం నడిమి మెట్టులో పెట్టి తొక్కండి, వేగం ఎంతకు పడిపోతుందో, మోకాళ్లకు ఎంత భారమవుతుందో గమనించండి. ఆగి, వెనక హబ్బు మీద అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే ఆ మోటారు గంటసేపటి గాలికి తగినది కాదు. తిరుగు దారిలో విజయమహల్ గేటు మీదుగా రండి.